డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పరీక్ష: ముందు మూడు గీతలు గీయండి

ఈ సబ్జెక్ట్ నాకు ఒకసారి పోయింది. ఫోర్త్ ఇయర్ ఫస్ట్ సెమ్. 70 మార్కులకి 25 వస్తే పాస్, నాకు వచ్చినవి 19. మిగతావన్నీ గట్టెక్కాయి. క్యాంపస్‌కి వచ్చిన ఒక కంపెనీలో రెండో రౌండ్ దాకా వెళ్ళి, "బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా?" అన్న గడి దగ్గర ఆగిపోయాను. ఆర్నెల్లకి సప్లీ రాస్తే 54 వచ్చాయి. "అక్కా, మధ్యలో ఏం చేశావు?" అని జూనియర్లు అడుగుతూనే ఉంటారు. ప్రతిసారీ ఫోన్లో చెప్పలేక ఒకేసారి రాసి పెడుతున్నాను.

ముందు ఆ 19 ఎలా వచ్చాయో చెప్పాలి. కాలేజీ గేటు ఎదురుగా జెరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ నోట్సు అమ్మేవాళ్ళు. దాన్ని పది రోజులు బట్టీ పట్టాను. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇంగ్లీషు వాక్యాల్ని మక్కికి మక్కి గుర్తుపెట్టుకోవడం అలవాటైన పనే. అడ్వాంటేజెస్ ఏడు, ఛాలెంజెస్ ఎనిమిది, నిద్రలో లేపినా అప్పజెప్పేదాన్ని. పరీక్షలో రెండో యూనిట్ నుంచి ఒక బొమ్మ ఇచ్చారు. మూడు గీతలు, వాటి మధ్య బాణాలు, ఒక్కో చుక్కకీ లాంపోర్ట్ టైమ్‌స్టాంపూ వెక్టర్ టైమ్‌స్టాంపూ వెయ్యమన్నారు. 14 మార్కులు. నేను లాజికల్ క్లాక్ అంటే ఏమిటో రెండున్నర పేజీలు రాశాను. చుక్కల మీద మాత్రం ఒక్క అంకె వెయ్యలేదు.

అందుకే ఈ సబ్జెక్టుకి పుస్తకం కంటే ముందు తెల్లకాగితాలు, పెన్సిలు, స్కేలు తెచ్చుకోమంటాను. ఒకవైపు ప్రింటైన పాత కాగితాలైనా చాలు. దీంట్లో వచ్చే ప్రశ్నలన్నీ తిప్పి తిప్పి అడిగే ఒకటే ప్రశ్న. కొన్ని మెషీన్లున్నాయి. అందరికీ కలిపి ఒక గడియారం లేదు, ఒక మెమరీ లేదు. ఉన్నవల్లా మెసేజ్‌లే. ఆ మెసేజ్ ఆలస్యం కావచ్చు, దారిలో పోవచ్చు, పంపిన మెషీనే పడిపోవచ్చు. ఇప్పుడు ఎవరికి ఏం తెలుసు? ఈ రంగంలో పెద్దాయన లెస్లీ లాంపోర్ట్ 1987లో ఒక మెయిల్‌లో సరదాగా అన్న మాట ఉంది: ఉందని కూడా మనకి తెలియని కంప్యూటరేదో చెడిపోయి మన కంప్యూటర్ పనికిరాకుండా పోతే, అదే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ అని. డెఫినిషన్ అడిగినప్పుడు అసలు నిర్వచనం రాశాక ఇదీ ఒక లైను రాయండి. ఎగ్జామినర్‌కి కూడా ఆ రోజు వందో పేపరు అయి ఉంటుంది పాపం.

కత్తెరతో మొదలు

పాత పేపర్లు ఆరు సంపాదించి, ప్రశ్నలన్నీ కత్తెరతో కత్తిరించి, హాస్టల్ రూమ్‌లో నేల మీద యూనిట్ల వారీగా కుప్పలు పోశాను. ఫ్యాన్ ఆపేసుకోండి, లేకపోతే అన్నీ కలిసిపోతాయి. కుప్పల ఎత్తు చూస్తేనే సగం విషయం తెలిసిపోతుంది. మా పేపర్లలో గడియారాలు, మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ (ఒక వస్తువుని ఒక్కసారికి ఒక్కరే వాడేలా చూడటం), ఎలెక్షన్ (మెషీన్లలో ఒక లీడర్‌ని ఎన్నుకోవడం) ఉన్న కుప్ప అన్నిటికంటే ఎత్తు. తర్వాత ఆర్‌పీసీ, అంటే ఇంకో మెషీన్‌లో ఉన్న ఫంక్షన్‌ని మన దగ్గరున్నట్టే పిలవడం. ఆ తర్వాత ట్రాన్సాక్షన్లు, టూ ఫేజ్ కమిట్, డెడ్‌లాక్ (ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ అందరూ ఇరుక్కుపోవడం). మీ దగ్గర ఆ వరస వేరే కావచ్చు, కుప్పలు పోసుకుని చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. పాత పేపర్లు ఏ రెగ్యులేషన్‌వో, అంటే ఏ సిలబస్ కాలం నాటివో చూడండి. పాత రెగ్యులేషన్ పేపర్ నమ్ముకుని డిస్ట్రిబ్యూటెడ్ షేర్డ్ మెమరీ మీద రెండు రోజులు కూర్చున్నాను. అది మా సిలబస్‌లోంచి తీసేశారని నా రూమ్మేట్ చెప్పేదాకా తెలీదు. సిలబస్ కాగితం ప్రింట్ తీసి గోడకి అంటించుకోండి.

మా పేపర్ యూనిట్‌కి రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమనే రకం. అలాంటి పేపర్‌కి ఒక యూనిట్ వదిలేశారంటే 14 మార్కులు వదిలేసినట్టే. దానికంటే ప్రతి యూనిట్‌లోనూ బొమ్మ గీసి చెప్పగలిగే టాపిక్‌లు మూడేసి చొప్పున గట్టిగా పట్టుకోవడం మేలు.

గడియారాలకి మూడు రోజులు

పన్నెండు రోజులు టైముంటే మొదటి మూడూ వీటికే ఇవ్వండి. ఎక్కువనిపిస్తుంది. కానీ తర్వాత వచ్చే సగం అల్గారిథమ్‌లు టైమ్‌స్టాంప్‌ల మీదే నడుస్తాయి.

ఫిజికల్ క్లాకుల లెక్కలు అరపూట పని. క్రిస్టియన్ పద్ధతిలో సర్వర్ చెప్పిన టైముకి, మెసేజ్ వెళ్ళి రావడానికి పట్టిన టైములో సగం కలుపుతాం. నా గడియారంలో 10:20:30.000కి అడిగాను, 10:20:30.080కి జవాబొచ్చింది, సర్వర్ 10:20:32.000 అంది. రానూపోనూ 80 మిల్లీసెకన్లు, సగం 40. కాబట్టి నా గడియారాన్ని 10:20:32.040కి మార్చుకుంటాను. తప్పు ఉంటే అటూ ఇటూ 40కి మించదు. బర్క్‌లీ పద్ధతిలో సర్వర్ చెప్పిందే వేదం కాదు, అందరినీ అడిగి సగటు తీస్తుంది. మాస్టర్ 10:00, రెండోది 10:12, మూడోది 9:54. తేడాలు 0, +12, −6. సగటు +2. మాస్టర్ రెండు నిమిషాలు ముందుకి, రెండోది పది వెనక్కి, మూడోది ఎనిమిది ముందుకి. ముగ్గురూ 10:02. ఇక్కడ ఒక లైను తప్పకుండా రాయండి: వెనక్కి వెళ్ళాల్సిన గడియారాన్ని ఒక్కసారిగా వెనక్కి తిప్పకూడదు, కొంతసేపు నెమ్మదిగా నడిపించి సర్దాలి. లేకపోతే నిన్న రాసిన ఫైలు రేపటిదన్నట్టు కనిపిస్తుంది.

అసలు సరుకు లాజికల్ క్లాకుల్లో ఉంది. లాంపోర్ట్ 1978లో రాసిన పేపర్ సారాంశం ఇంతే: ఎన్ని గంటలకి జరిగిందన్నది వదిలెయ్యి, ఏది ఏదాని కంటే ముందో చెబితే చాలు. ఇప్పుడు మీరూ కాగితం తీసుకోండి. అడ్డంగా మూడు గీతలు: పీ1, పీ2, పీ3. పీ1 మీద రెండు చుక్కలు, క, ఖ. పీ2 మీద మూడు, గ, ఘ, చ. పీ3 మీద రెండు, ఛ, జ. ఖ నుంచి ఘకి ఒక బాణం, చ నుంచి జకి ఇంకో బాణం. బాణమంటే మెసేజ్.

అంకెలు వేద్దాం. ప్రతి చుక్కకీ ఒకటి కలుపుతూ పోవాలి. మెసేజ్ అందుకున్న చోట మాత్రం నా అంకె, మెసేజ్‌తో వచ్చిన అంకె చూసి పెద్దదానికి ఒకటి కలపాలి. క 1, ఖ 2. గ 1. ఘ దగ్గర నాది 1, వచ్చింది 2, కాబట్టి 3. చ 4. ఛ 1. జ దగ్గర నాది 1, వచ్చింది 4, కాబట్టి 5. అయిపోయింది. నేను ఆర్నెల్లు ఏడ్చిన లెక్క నాలుగు నిమిషాల్లో తేలిపోయింది.

ఇక్కడే ఎగ్జామినర్ గాలం వేస్తాడు. ఛకి 1, ఖకి 2 వచ్చాయి కదా, మరి ఛ ముందు జరిగిందా? చాలామంది అవునని రాస్తారు. కాదు. ఛ నుంచి ఖకి బాణాల మీదుగా దారే లేదు. ముందు జరిగిందానికి చిన్న అంకె వస్తుంది, నిజమే. కానీ చిన్న అంకె ఉన్నంత మాత్రాన ముందు జరిగినట్టు కాదు. బస్సులో ముందు సీట్లో ఉన్నవాళ్ళందరూ ముందు స్టాపులో ఎక్కినవాళ్ళు కారు కదా, అలాగే.

ఆ లోటు తీర్చడానికే వెక్టర్ క్లాకులు. ఒక్క అంకె బదులు, ఎవరి గురించి నాకు ఎంతవరకు తెలుసో మూడు గళ్ళలో రాసుకుంటాం. క (1,0,0), ఖ (2,0,0), గ (0,1,0), ఘ (2,2,0), చ (2,3,0), ఛ (0,0,1), జ (2,3,2). మెసేజ్ వచ్చినప్పుడు గడి గడికీ పెద్దది తీసుకుని, తర్వాత సొంత గడికి ఒకటి కలపాలి. ఇప్పుడు ఖ, ఛలని పక్కపక్కన పెట్టండి. మొదటి గడిలో ఖ పెద్దది, మూడో గడిలో ఛ పెద్దది. ఎవరూ పూర్తిగా గెలవలేదు కాబట్టి రెండూ కాంకరెంట్, అంటే ఏది ముందో చెప్పలేం. ఈ ఒక్క పోలికనీ బొమ్మ కింద రాస్తే ఆ జవాబు నిండుగా ఉంటుంది.

ఇలాంటి బొమ్మలు నేను ముప్పై దాకా గీశాను. బాణాలు ఇష్టమొచ్చినట్టు మార్చి, అంకెలు వేసి, రూమ్మేట్ చేత దిద్దించుకునేదాన్ని. పదిహేనో బొమ్మ దాకా ఎక్కడో ఒకచోట తప్పేది. ఎక్కువగా తప్పింది ఒకే చోట: అందుకున్న మెసేజ్‌కి మాక్స్ తీసుకుని, సొంత గడికి ఒకటి కలపడం మర్చిపోవడం.

స్నాప్‌షాట్ కూడా ఈ మూడు రోజుల్లోనే పెట్టుకోండి. అన్ని మెషీన్ల దగ్గర ఏముందో, దారిలో ఏముందో కలిపి ఒక ఫొటోలా పట్టుకోవడమే అది. చాందీ, లాంపోర్ట్ 1985లో ఇచ్చింది. దీన్ని డబ్బులతోనే నేర్చుకోవాలి. పీ1 దగ్గర 500, పీ2 దగ్గర 300, మొత్తం 800. పీ2 100 పంపింది, అది ఇంకా దారిలో ఉంది. ఇప్పుడు పీ1 స్నాప్‌షాట్ మొదలుపెట్టింది. తన దగ్గర 500 అని రాసుకుని మార్కర్ అనే గుర్తు మెసేజ్ పంపింది, పీ2 వైపు నుంచి వచ్చేవన్నీ నోట్ చేసుకోవడం మొదలుపెట్టింది. మార్కర్ అందిన పీ2 తన దగ్గర 200 అని రాసుకుని, తిరిగి మార్కర్ పంపింది. పీ1కి ముందు ఆ 100 అందింది, తర్వాత మార్కర్ అందింది. 500, 200, దారిలో 100, మొత్తం 800. లెక్క సరిపోయింది. ఛానెల్ ఫిఫో (ముందు పంపింది ముందు చేరడం) కాకపోయి ఉంటే? మార్కర్ ముందొచ్చేసి ఆ వంద ఎవరి లెక్కలోకీ రాకుండా పోయేది. ఫిఫో ఎందుకు కావాలని రెండు మార్కుల ప్రశ్న వస్తే ఈ మాయమైన వందే జవాబు.

చీటీలాట

మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్, ఎలెక్షన్ నేను చదవలేదు, ఆడాను. సప్లీలు ఉన్నవాళ్ళం నలుగురం. ఒక్కొక్కరికీ ఒక నంబరు. మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు, చీటీ రాసి పంపడమే. మంచం మీద ఉన్న పల్లీల గిన్నె క్రిటికల్ సెక్షన్, అంటే ఒక్కసారికి ఒక్కరే చెయ్యి పెట్టాల్సిన చోటు.

రికార్ట్, అగ్రవాలా పద్ధతి ఆడాం. గిన్నె కావాలంటే మిగతా ముగ్గురికీ నా టైమ్‌స్టాంప్ రాసి చీటీ పంపాలి. అందరి దగ్గర్నుంచీ ఓకే వస్తేనే చెయ్యి పెట్టాలి. నాది 5, సత్తెనపల్లి అమ్మాయిది 7. ఇద్దరం ఒకేసారి అడిగాం. తనది పెద్దది కాబట్టి నాకు ఓకే రాసిచ్చింది. నేను తన చీటీని ఒళ్ళో పెట్టుకుని, తినడం అయ్యాక ఓకే పంపాను. ఒక్కసారి ఆడితే అల్గారిథమ్ మొత్తం వచ్చేసింది. చీటీలు లెక్కపెడితే నాకోసం వెళ్ళినవి మూడు, వచ్చినవి మూడు. ఆరు. పుస్తకంలో 2(ఎన్−1) అని ఉన్నది ఇదే, ఎన్ అంటే మొత్తం ఎంతమందో. లాంపోర్ట్ పద్ధతిలో రిలీజ్ చీటీలు ఇంకో మూడు, అందుకే 3(ఎన్−1). సెంట్రల్‌గా ఒకళ్ళని పెడితే అడగడం, ఇవ్వడం, వదలడం, మూడే చీటీలు. కానీ ఆ ఒకళ్ళు నిద్రపోతే అందరూ పస్తే. ఈ మూడు లెక్కల్నీ ఒక పట్టికలా వేసి జవాబు చివర పెట్టండి.

టోకెన్ పద్ధతి, అంటే టోకెన్ ఎవరి దగ్గరుంటే వాళ్ళదే వంతు, నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, కాకపోతే తెలుసని తెలీదు. మా తాతయ్య రైల్వేలో పాయింట్స్‌మన్, సింగిల్ లైన్ మీద చిన్న స్టేషన్‌లో. ఇనప బంతి ఒకటి సంచీలో పెట్టి, పెద్ద రింగుకి కట్టి, వచ్చే రైలు డ్రైవర్‌కి అందించేవాడు. ఆ బంతి చేతిలో ఉంటేనే బండి ముందున్న సెక్షన్‌లోకి వెళ్ళాలి. అవతలి స్టేషన్‌లో దాన్ని ఇచ్చెయ్యాలి. ఒక సెక్షన్‌కి ఒక బంతి బయట ఉందంటే ఇంకో బండికి దారి లేదు. బంతి పోతే? రెండు వైపులా స్టేషన్ మాస్టర్లు ఫోన్లో మాట్లాడుకుని, ప్రైవేట్ నంబర్లు ఇచ్చి పుచ్చుకుని, కాగితం మీద రాసిచ్చేదాకా బండి కదలదు. టోకెన్ రింగ్‌లో అసలు చిక్కు ఎక్కడుందని అడిగితే నేను ఆ బంతిని తలుచుకుంటాను. టోకెన్ పోవడం, పోయిందని అందరూ ఒప్పుకోవడం, రెండోది పుట్టకుండా చూసుకోవడం.

ఎలెక్షన్ ఆడుతుంటే జరిగింది చెప్పాలి. బుల్లీ అల్గారిథమ్, అంటే బతికున్నవాళ్ళలో పెద్ద నంబరు వాళ్ళే లీడర్. నలుగురిలో పెద్ద నంబరు నా రూమ్మేట్‌ది, తను బయట వరండాలో అమ్మతో ఫోన్లో ఉంది. చీటీ పంపాం, జవాబు లేదు. సరే పోయిందనుకుని సత్తెనపల్లి అమ్మాయి తనే లీడర్ అని అందరికీ చీటీలు పంచేసింది. సరిగ్గా అప్పుడు నా రూమ్మేట్ తలుపు తీసుకుని వచ్చి, "నేనున్నానుగా!" అంది. రూమ్‌లో ఇద్దరు లీడర్లు. పోయిన మెషీన్‌కీ నెమ్మదిగా ఉన్న మెషీన్‌కీ తేడా బయటివాళ్ళకి తెలీదు. మెసేజ్ ఎంతసేపట్లో వస్తుందో హద్దు లేని ఎసింక్రనస్ సిస్టమ్‌లో ఒక్క మెషీన్ పడిపోయే అవకాశం ఉన్నా, తప్పకుండా ముగిసే ఏకాభిప్రాయం ఏ డిటర్మినిస్టిక్ అల్గారిథమ్‌తోనూ సాధ్యం కాదని 1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ నిరూపించారు. వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలతో ఎఫ్‌ఎల్‌పీ అని మూడక్షరాలుగా ఉన్నప్పుడు నాకు ఎక్కలేదు. రూమ్మేట్ వరండాలోంచి వచ్చాక ఎక్కింది.

బుల్లీకి పేపర్లో ఐదుగురితో రాయండి. పీ5 పడిపోయింది, పీ2 కనిపెట్టింది. పీ2 నుంచి 3, 4, 5కి ఎలెక్షన్ మెసేజ్‌లు మూడు, పీ3 నుంచి రెండు, పీ4 నుంచి ఒకటి, మొత్తం ఆరు. ఓకేలు పీ2కి రెండు, పీ3కి ఒకటి, మూడు. చివర్లో పీ4 మిగిలిన ముగ్గురికీ నేనే లీడర్ అని మూడు. అన్నీ కలిపి 12. లెక్క కట్టి చూపించేవాళ్ళు తక్కువ, మీరు చూపించండి.

బాబాయి ఫోన్ స్విచాఫ్

పని అందరి దగ్గరా జరగాలి, లేదా ఎవరి దగ్గరా జరగకూడదు అనేది టూ ఫేజ్ కమిట్. దానికి మా ఇంట్లో పెళ్ళే ఉదాహరణ. అక్క పెళ్ళికి బాబాయి కోఆర్డినేటర్. ఫంక్షన్ హాలు, వంటవాళ్ళు, పంతులుగారు ముగ్గురూ ఒకే తేదీకి కుదరాలి. ఒకళ్ళు కాదన్నా ఆ తేదీ లేనట్టే. మొదటి ఫేజ్‌లో బాబాయి ముగ్గురికీ ఫోన్ చేసి "ఆ రోజు కుదురుతుందా?" అన్నాడు. కుదురుతుందని అన్నవాడు డైరీలో రాసుకోవాలి, ఇంకెవరికీ ఆ రోజు ఇవ్వకూడదు. డైరీలో రాసి తర్వాత "సరే" అనాలి, సరే అని తర్వాత రాసుకోవడం కాదు. పుస్తకంలో లాగ్ అనేది ఈ డైరీనే. రెండో ఫేజ్‌లో ముగ్గురూ సరే అంటే "ఖాయం", లేకపోతే "వద్దు" అని బాబాయి చెప్పాలి.

ఇప్పుడు ముగ్గురూ సరే అన్నాక బాబాయి ఫోన్ స్విచాఫ్. హాలు ఓనర్ పరిస్థితి చూడండి. వేరే పార్టీ అడ్వాన్స్ పట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఇవ్వలేడు, ఎందుకంటే మాట ఇచ్చేశాడు. ఖాయం అనుకోలేడు, ఎందుకంటే వంటాయన ఏమన్నాడో తెలీదు. వంటాయనకి ఫోన్ చేసినా ఆయన కూడా సరే అని ఎదురు చూస్తున్నాడని మాత్రమే తెలుస్తుంది. బాబాయి మళ్ళీ లైన్లోకి వచ్చేదాకా అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. టూ ఫేజ్ కమిట్ బ్లాకింగ్ అనడం ఇందుకే. దీని మీద ఏడు మార్కుల ప్రశ్న వస్తే నాలుగు నిలువు గీతలు గీసి, మెసేజ్‌లు బాణాలతో చూపించి, ఎక్కడ ఎవరు పడిపోతే ఏమవుతుందో ఇంటూ గుర్తులతో పెట్టండి. ముగ్గురిలో ఎవరైనా ఓటు వెయ్యకముందు పడిపోతే కోఆర్డినేటర్ టైమవుట్‌తో అబార్ట్ చేస్తాడు, గొడవే లేదు. ఓటేశాక, తీర్పు రాకముందు కోఆర్డినేటర్ పోతేనే చిక్కు. త్రీ ఫేజ్ కమిట్ ఈ చిక్కు తీర్చడానికే వచ్చింది, కానీ నెట్‌వర్క్ రెండు ముక్కలైతే అదీ నిలవదు. ఆ మాట ఒక లైను చాలు.

తొందరగా దాటేయగలిగినవి

ఆర్‌పీసీలో స్టబ్‌ల (రెండు వైపులా కాల్‌ని మెసేజ్‌గా మార్చే కోడ్) బొమ్మ అందరూ గీస్తారు. మార్కులు కాల్ సెమాంటిక్స్ దగ్గర, అంటే ఒక కాల్ ఎన్నిసార్లు జరుగుతుందన్న హామీ దగ్గర ఉన్నాయి. జవాబు రాలేదని మళ్ళీ పంపితే ఏమవుతుంది? బ్యాలెన్స్ చూడమన్న రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్ళినా నష్టం లేదు. 500 పంపమన్న రిక్వెస్ట్ రెండుసార్లు జరిగితే వెయ్యి పోతుంది. మొదటిదానికి ఎట్ లీస్ట్ వన్స్ చాలు, రెండోదానికి ఎట్ మోస్ట్ వన్స్ కావాలి. దానికోసం సర్వర్ రిక్వెస్ట్ నంబరు గుర్తుపెట్టుకుని, మళ్ళీ వస్తే పని చెయ్యకుండా పాత జవాబే ఇస్తుంది.

డెడ్‌లాక్‌లో చాందీ, మిశ్రా, హాస్ ప్రోబ్ నేర్చుకోండి. ఎవరి కోసం ఎదురుచూస్తున్నామో వాళ్ళకి పంపే చిన్న మెసేజే ప్రోబ్. బయల్దేరిన ప్రోబ్ తిరిగి బయల్దేరినవాడికే వస్తే డెడ్‌లాక్. ఒక వలయం గీస్తే అయిపోతుంది. ఫాంటమ్ డెడ్‌లాక్ (నిజంగా లేకపోయినా ఉన్నట్టు కనిపించేది) గురించి రెండు లైన్లు.

రెప్లికేషన్‌లో (ఒకే డేటాకి చాలా కాపీలు పెట్టడం) కోరమ్ లెక్క, అంటే కనీసం ఎన్ని కాపీలని అడగాలన్నది: కాపీలు ఐదు, చదవడానికి మూడు, రాయడానికి మూడు. మూడూ మూడూ ఆరు, ఐదు కంటే ఎక్కువ, కాబట్టి చదివేవాడికీ రాసేవాడికీ కనీసం ఒక కాపీ ఉమ్మడిగా దొరుకుతుంది. క్యాప్ (కన్సిస్టెన్సీ, అవైలబిలిటీ, పార్టిషన్ టాలరెన్స్) గురించి అడిగితే "మూడింట్లో రెండు ఎంచుకోవచ్చు" అని రాసి వదిలెయ్యకండి. వైరు తెగినప్పుడు రెండు పక్కలా ఉన్న మెషీన్లలో ఒకదాని దగ్గరికి రైట్ వచ్చింది. జవాబిస్తే కన్సిస్టెన్సీ పోతుంది, ఆగితే అవైలబిలిటీ పోతుంది. ఎంపిక ఆ క్షణంలోనే. బ్రూయర్ 2000లో అన్నాడు, గిల్బర్ట్, లించ్ 2002లో నిరూపించారు. కొన్ని మెషీన్లు అబద్ధం చెబితే ఏమిటన్న బైజంటైన్ జనరల్స్ ప్రశ్నలో ఒక్క ద్రోహి ఉంటే నలుగురు కావాలి, ముగ్గురితో కాదు. ఎందుకు కాదో రెండు త్రిభుజాలు గీసి చూపించాలి: ద్రోహి కమాండర్ అయితే ఒకటి, లెఫ్టినెంట్ అయితే ఇంకొకటి. మిగిలిన లెఫ్టినెంట్‌కి రెండు బొమ్మలూ ఒకేలా కనిపిస్తాయి.

ఫైల్ సిస్టమ్స్, పీర్ టు పీర్ థియరీ మాత్రం చదువుకోవాల్సిందే, అక్కడ నా దగ్గర కిటుకులేం లేవు.

అమ్మకి చెప్పడం, పేపర్లో రాయడం

రెండోసారి నేను ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పట్టలేదు. రోజూ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఆ రోజు టాపిక్ తెలుగులో చెప్పేదాన్ని. అమ్మ ఇంటర్ ఆపేసింది. అయినా హాలు ఓనర్ కథ చెప్పగానే, "మరి మీ బాబాయి చెప్పాల్సింది ఇంకెవరికైనా రాసిపెట్టి పోవచ్చుగా?" అంది. కోఆర్డినేటర్‌కి రెప్లికా పెట్టడమంటే అదే. తెలుగులో చెప్పగలిగితే ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలుగా రాయడం పెద్ద పని కాదు. గ్రామర్ కొంచెం అటూ ఇటూ అయినా బొమ్మ సరిగ్గా ఉంటే మార్కులు పడతాయి. బట్టీ పట్టిన వాక్యంలో ఒక్క పదం జారిపోతే మాత్రం పేరా మొత్తం జారిపోతుంది.

అల్గారిథమ్ జవాబుకి నేను పెట్టుకున్న వరస ఇది. ముందు ఏం ఊహిస్తున్నామో ఒక లైను, అంటే మెసేజ్‌లు పోవనీ, ఫిఫో అనీ, అలా. తర్వాత బొమ్మ. తర్వాత స్టెప్పులు. తర్వాత అంకెలతో ఒక ఉదాహరణ. చివర్లో ఎన్ని మెసేజ్‌లు, ఎవరైనా పడిపోతే ఏమవుతుంది. అడ్వాంటేజెస్ అడిగితేనే రాయండి.

మూడు గంటలంటే 180 నిమిషాలు, ఐదు జవాబులకి 35 చొప్పున 175. మొదటిసారి నేను మొదటి జవాబుకే గంటా పది నిమిషాలు తగలేశాను. బాగా వచ్చిన ప్రశ్న దొరికితే చెయ్యి ఆగదు, అదే ముప్పు. ఈసారి వాచీ తీసి బెంచీ మీద పెట్టుకుని, 35 నిమిషాలు కాగానే అర పేజీ ఖాళీ వదిలి ముందుకెళ్ళాను. పరీక్ష ముందు రాత్రి కొత్తవేమీ ముట్టుకోకుండా మెసేజ్ లెక్కలన్నీ ఒకే కాగితం మీద రాసుకుని, పదింటికి పడుకున్నాను. నిద్ర పట్టిందా అంటే పట్టలేదు, ఆ టెన్షన్‌కి మందు నా దగ్గర లేదు.

సప్లీ పేపర్లో మళ్ళీ వెక్టర్ క్లాకే వచ్చింది. కాకపోతే బొమ్మ సరిగ్గా ప్రింట్ కాలేదు, ఒక బాణం ఎక్కడ మొదలైందో కనపడటం లేదు. ఇన్విజిలేటర్‌ని అడిగితే ఆయన పక్క గదికి వెళ్ళి కనుక్కొచ్చి, అన్ని పేపర్లూ అలాగే ఉన్నాయన్నారు. నా ముందు బెంచీ అబ్బాయి ఆ ప్రశ్న కొట్టేసి రెండోది మొదలుపెట్టాడు. నేను బాణం రెండో చుక్క నుంచి బయల్దేరిందని అనుకుంటున్నట్టు పైన ఒక లైను రాసి, బొమ్మని స్కేలుతో మళ్ళీ పెద్దగా గీసి, అంకెలు వెయ్యడం మొదలుపెట్టాను. 22 నిమిషాల్లో అయిపోయింది. మిగిలిన 13 నిమిషాల్లో, బాణం మొదటి చుక్క నుంచి బయల్దేరి ఉంటే ఏ అంకెలు మారతాయో కూడా కింద వేశాను.